14 ప్రశ్నలకు జవాబు చెప్పే స్క్రిప్ట్: నా అనుభవం

మా ఆఫీసులో రోజూ అర్ధరాత్రి దాటాక ఒక పాత ప్రోగ్రామ్ నడుస్తుంది. ఆ రోజు లావాదేవీలన్నీ ముగించి, మర్నాటి లెక్క తెరిచి, ఒక ఫైలు తయారుచేసి పక్క విభాగానికి అందించడం దాని పని. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, మౌస్‌తో పనే లేదు. అది ఒక ప్రశ్న అడుగుతుంది, మనం జవాబు టైప్ చేసి ఎంటర్ నొక్కాలి, అప్పుడు ఇంకో ప్రశ్న అడుగుతుంది. మొత్తం 14 ప్రశ్నలు. మధ్యలో ఎదురుచూపులతో కలిపి దాదాపు నలభై నిమిషాల పని. రాత్రి షిఫ్టులో ఉండే ఒక సీనియర్ ఆపరేటర్ ఏళ్ల తరబడి ఆ పని చేస్తున్నారు. మేమంతా ఆయన్ని అన్నా అనే పిలుస్తాం.

ఆ నలభై నిమిషాలూ ఆయన కుర్చీ వదిలి లేవడానికి ఉండదు. రోజూ అవే ప్రశ్నలు, అవే జవాబులు. "దీన్ని స్క్రిప్ట్‌తో చేయించేద్దాం అన్నా, మీరు ఊరికే చూస్తే చాలు" అన్నాను ఒకరోజు. స్క్రిప్ట్ అంటే మన బదులు ఆదేశాలను వరసగా నడిపే చిన్న ప్రోగ్రామ్. ఆయన సంతోషించారు కానీ ఒక మాట అన్నారు: "చెయ్యి. కాకపోతే అది అప్పుడప్పుడు కొత్త ప్రశ్న అడుగుతుంది. చదివి కొట్టాలి." నేను తలూపాను. ఆ మాట బరువు నాకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

మొదట అందరికీ తట్టే పనే చేశాను. 14 జవాబులూ వరసకు ఒకటి చొప్పున ఒక ఫైల్లో రాసి, ఆ ఫైలును ప్రోగ్రామ్‌కు ఇన్‌పుట్‌గా మళ్లించాను. యూజర్ పేరు వెంటనే తీసుకుంది. పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయింది. ఫైల్లో రెండో వరస పాస్‌వర్డే, అయినా దాన్ని ముట్టుకోకుండా కీబోర్డు కోసం కాచుకుని కూర్చుంది. అర్థం కాక ఆ సాయంత్రమంతా తెలిసిన ఇతర ప్రోగ్రాముల మీద ప్రయత్నించి చూశాను. వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్సెస్‌హెచ్ కూడా అంతే. పాస్‌వర్డ్ అడగాల్సి వచ్చినప్పుడు ఇలాంటివి స్టాండర్డ్ ఇన్‌పుట్‌ను, అంటే నేను ఫైలును మళ్లించిన మామూలు దారిని, పట్టించుకోవు. యూనిక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్‌లలో డెవ్ టీటీవై అని ఒక ప్రత్యేక ఫైలు ఉంటుంది. ఆ ప్రోగ్రామ్ ఏ టెర్మినల్ కింద, అంటే కీబోర్డూ అక్షరాల తెరా కలిసిన ఏ ఏర్పాటు కింద, నడుస్తోందో ఆ టెర్మినల్‌కు అది దారి. నేరుగా దాన్నే తెరిచి అక్కడి నుంచి చదువుకుంటాయి. మనం ముందు గుమ్మంలో ఎన్ని కాగితాలు పెట్టినా అవి పక్క తలుపు దగ్గర నిలబడి ఉంటాయి.

సరే, పైథాన్ భాషలో పైపులు, అంటే ఒక ప్రోగ్రామ్ రాసేది ఇంకోదానికి అందించే గొట్టాలు, పెట్టి, వచ్చిన ప్రశ్న చదివి జవాబు పంపుదామని చూశాను. ఈసారి మొదటి ప్రశ్నే కనిపించలేదు. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంది, ఒక్క అక్షరమూ బయటికి రాదు. ఇలాంటి పని మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఒక రోజు పోగొట్టుకునే చోటు ఇదే అనుకుంటాను, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఇలాంటి ప్రోగ్రాములు తెర మీద రాయడానికి వాడుకునే సీ భాషా లైబ్రరీ తన అవుట్‌పుట్ ఎటు పోతోందో ముందే చూసుకుంటుంది. టెర్మినల్‌కు పోతుంటే వరస పూర్తికాగానే పంపేస్తుంది. పైపులోకో ఫైల్లోకో పోతుంటే, చదివే మనిషి లేడు కదా అని మూట కట్టి దాచుకుంటుంది. లైనక్స్‌లో పైపుకైతే ఆ మూట సాధారణంగా 4096 బైట్లు. "యూజర్ పేరు:" అన్న చిన్న ప్రశ్న ఆ మూటను నింపదు. ప్రశ్న మూటలోనే ఉండిపోతుంది, ప్రోగ్రామ్ నా జవాబు కోసం చూస్తుంటుంది, నేను దాని ప్రశ్న కోసం చూస్తుంటాను. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, అయినా పని జరగదు.

రెండు చిక్కులకూ మూలం ఒక్కటే. ఆ ప్రోగ్రామ్ అవతల మనిషి ఉన్నాడనుకుని రాసింది. మనిషి ఉన్నాడని దానికి తెలిసేది టెర్మినల్‌ను బట్టే. కాబట్టి దానికి ఒక టెర్మినల్ ఇవ్వాలి, ఆ టెర్మినల్ రెండో కొస మన స్క్రిప్ట్ చేతిలో ఉండాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు సూడో టెర్మినల్, పొట్టిగా పీటీవై. మనం రోజూ తెరిచే టెర్మినల్ విండోలు కూడా ఇలాంటివే. ప్రోగ్రామ్‌కు అది అచ్చం నిజమైన టెర్మినల్‌లాగే ఉంటుంది. డెవ్ టీటీవై తెరిచినా అదే వస్తుంది, ప్రశ్నలూ మూటలో ఉండిపోకుండా వెంటనే బయటపడతాయి.

దీన్ని వాడుకుని మనలాంటివాళ్ల కోసం పనిముట్టు తయారుచేసినవాడు డాన్ లైబ్స్. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేస్తూ 1990లో ఎక్స్‌పెక్ట్ అనే ప్రోగ్రామ్‌ను ప్రకటించాడు. జాన్ ఓస్టర్‌హౌట్ చేసిన టికిల్ భాష మీద దాన్ని కట్టాడు. ముప్పై ఏళ్లు దాటిన ఆ పనిముట్టును నేర్చుకుంటుంటే నాకు నిజంగా గౌరవం కలిగింది. ముఖ్యమైన ఆదేశాలు మూడే. స్పాన్ అంటే ప్రోగ్రామ్‌ను పీటీవై కింద మొదలుపెట్టు. ఎక్స్‌పెక్ట్ అంటే ఫలానా మాట వచ్చేదాకా ఆగు. సెండ్ అంటే ఈ అక్షరాలు టైప్ చేయి. నాలుగోది ఇంటరాక్ట్, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఎక్స్‌పెక్ట్‌తో పాటు ఆటోఎక్స్‌పెక్ట్ అని ఇంకొకటి వస్తుంది. మనం ఒకసారి చేతితో పని చేసి చూపిస్తే, చూసినదంతా స్క్రిప్ట్‌గా రాసిస్తుంది. అన్న పక్కన కూర్చుని ఒక రాత్రి రికార్డు చేశాను. మర్నాడు ఆ స్క్రిప్ట్ మొదటి తెర దగ్గరే ఆగిపోయింది. ఆ తెర మీద తేదీ, సమయం ఉంటాయి. రికార్డు చేసింది నిన్నటి తేదీతో సహా ప్రతి అక్షరాన్నీ అలాగే ఆశిస్తోంది. తప్పు దానిది కాదు, ఆ వరసల్లో ఏది ముఖ్యమో ఏది మారేదో దానికెలా తెలుస్తుంది? మొదటి చిత్తుప్రతిగా మాత్రం అది బాగా పనికొచ్చింది. అందులోంచి అసలు ప్రశ్నలను మాత్రం ఉంచి, మిగతాదంతా చేతితో కొట్టేశాను.

అప్పుడు ఎదురైనవాటిలో ఒకటి చెప్పి తీరాలి. మా ప్రోగ్రామ్‌లో అవును-కాదు ప్రశ్నలన్నీ చదరపు బ్రాకెట్లలో వై, ఎన్ అక్షరాలతో, మధ్య గీతతో ముగుస్తాయి. దాన్నే డబుల్ కోట్స్‌లో పెట్టి ఎక్స్‌పెక్ట్‌కు ఇచ్చాను. అలాంటి కమాండ్ ఏదీ లేదని ఎర్రర్ వచ్చింది. టికిల్ భాషలో చదరపు బ్రాకెట్ల అర్థం "లోపల ఉన్న కమాండ్ నడిపి, వచ్చింది ఇక్కడ పెట్టు" అని. కోట్స్ తీసి మీసాల బ్రాకెట్లు (కర్లీ బ్రాకెట్లు) పెట్టాను. ఎర్రర్ పోయింది, కానీ స్క్రిప్ట్ పరుగులు తీయడం మొదలుపెట్టింది. ప్రశ్న పూర్తిగా రాకముందే జవాబు కొట్టేస్తోంది. కారణం, ఎక్స్‌పెక్ట్ వెతికే పద్ధతిలో చదరపు బ్రాకెట్లకు ఇంకో అర్థం ఉంది: "లోపలి అక్షరాల్లో ఏదో ఒకటి". తెర మీద ఎక్కడ వై గానీ ఎన్ గానీ కనిపించినా సరిపోయిందని అనుకుంటోంది. ఉన్నది ఉన్నట్టు పోల్చమని చెప్పే ఈఎక్స్ అనే ఆప్షన్ ఇచ్చాకే దారికొచ్చింది. లోపల ఏం జరుగుతోందో చూపించే ఎక్స్‌ప్ ఇంటర్నల్ అనే సెట్టింగు ఉండబట్టి ఇది దొరికింది. ఏ అక్షరాలు వచ్చాయి, వాటిని దేనితో పోల్చింది, సరిపోయిందా లేదా అన్నది వరస వరసకూ చెబుతుంది. మొదటి రోజు నుంచీ దాన్ని వేసుకుని పనిచేయాల్సింది.

చిన్నవి ఇంకా ఉన్నాయి. మనం ఎంటర్ నొక్కితే టెర్మినల్‌కు వెళ్లేది క్యారేజ్ రిటర్న్ అనే కంటికి కనబడని గుర్తు, కాబట్టి సెండ్‌లో కూడా అదే పంపాలి. తిరిగి వచ్చే వరసల చివర మాత్రం క్యారేజ్ రిటర్న్, న్యూలైన్ రెండూ ఉంటాయి. మనం పంపిన జవాబు కూడా ఎకో అయి, అంటే టైప్ చేసింది తెర మీద కనబడేలా, వెనక్కి వస్తుంది. దాన్నే ప్రోగ్రామ్ చెప్పిన మాటగా పొరబడే అవకాశం ఉంది. రంగులు వేసే ప్రోగ్రాములైతే రెండు మాటల మధ్య కంటికి కనబడని ఎస్కేప్ కోడ్లు దూరుస్తాయి. కంటికి ఒకే మాటలా కనిపించేది స్క్రిప్ట్‌కు ముక్కలు ముక్కలుగా అందుతుంది. టెర్మినల్ ఏ రకందో ప్రోగ్రాములకు చెప్పే టర్మ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (సెట్టింగును) డంబ్ అని పెడితే చాలా ప్రోగ్రాములు రంగులు మానేస్తాయి.

పాస్‌వర్డ్ దగ్గర ఒక సూక్ష్మం ఉంది. కొన్ని ప్రోగ్రాములు ముందు "పాస్‌వర్డ్:" అని రాసి, ఆ తర్వాత ఎకో ఆపుతాయి. మనిషి ఆ క్షణంలో టైప్ చేయలేడు, స్క్రిప్ట్ చేయగలదు. అంత వేగంగా పంపితే పాస్‌వర్డ్ తెర మీద కనబడిపోవచ్చు. లేదా ఎకో ఆపేటప్పుడు అప్పటిదాకా వచ్చిన అక్షరాలను ప్రోగ్రామ్ పారబోస్తే మన జవాబే పోతుంది. పైథాన్‌లో ఇదే పని చేసే పీఎక్స్‌పెక్ట్ లైబ్రరీ, ఏది పంపే ముందైనా 50 మిల్లీసెకన్లు ఆగేది ఇందుకే. నేను ఎక్స్‌పెక్ట్‌లో ఆ విరామం చేతితో పెట్టుకున్నాను. పాస్‌వర్డ్‌ను స్క్రిప్ట్‌లో రాయలేదు, కమాండ్‌తో పాటు ఆర్గ్యుమెంట్‌గానూ ఇవ్వలేదు, ఎందుకంటే నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే పీఎస్ కమాండ్ కొడితే ఆర్గ్యుమెంట్లు అందరికీ కనిపిస్తాయి. ఆ పని చేసే యూజర్ మాత్రమే చదవగల ఒక ఫైల్లో పెట్టి, చదివి పంపేటప్పుడు లాగ్ (జరిగినదంతా రాసిపెట్టే ఫైలు) ఆపేశాను.

చేతితో నడిపితే చక్కగా నడుస్తోంది. చెప్పిన వేళకు ప్రోగ్రాములను దానంతటదే మొదలుపెట్టే క్రాన్‌లో పెట్టిన మొదటి రాత్రే విఫలమైంది. క్రాన్ కింద మనకు అలవాటైన పరిసరాలు ఉండవు. కమాండ్లను ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే పాత్ పొట్టిగా ఉంటుంది, టర్మ్ ఉండదు, భాష సెట్టింగు వేరేగా ఉంటుంది, ఏ నిజమైన టెర్మినలూ ఉండదు కాబట్టి తెర వెడల్పు కూడా మారిపోవచ్చు. ఇవన్నీ స్క్రిప్ట్ మొదట్లోనే నేనే పెట్టుకున్నాను. రెండో రాత్రి ఇంకో వింత. చివరి జవాబు దాకా వెళ్లింది, కానీ ఫైలు సగమే తయారైంది. చివరి సెండ్ తర్వాత నా స్క్రిప్ట్ అయిపోయింది. స్క్రిప్ట్ అయిపోగానే పీటీవై మూసుకుపోయింది. టెర్మినల్ పోయిందని ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్రోగ్రామ్‌కు హ్యాంగప్ సిగ్నల్ పంపింది. రాస్తున్న ఫైలును మధ్యలో వదిలేసి అది ఆగిపోయింది. చివర్లో "అవతలివాళ్లు ముగించేదాకా ఆగు" అనే ఒక్క వరస, అంటే ఎక్స్‌పెక్ట్ ఈఓఎఫ్, లేకపోవడమే కారణం. దాని తర్వాత వెయిట్ అనే ఆదేశం పెట్టి, అది ఇచ్చే విలువల్లో నాలుగోదైన ఎగ్జిట్ స్టేటస్‌ను, అంటే ప్రోగ్రామ్ సవ్యంగా ముగిస్తే సున్నా వచ్చే అంకెను, చూడటం కూడా అప్పుడే అలవాటు చేసుకున్నాను.

ఆ తర్వాత మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. అన్న రాత్రి ఒంటిగంటకు లాగ్ చూసి, "పూర్తయింది" అన్న మాట కనబడితే తన మిగతా పని చూసుకునేవారు.

నాలుగో నెలలో ఒక ఉదయం పక్క విభాగం నుంచి ఫోన్. ఫైలు రాలేదు. లాగ్‌లో "పూర్తయింది" అనే ఉంది, ఎగ్జిట్ స్టేటస్ సున్నా. ప్రింటర్ దగ్గర మాత్రం వందల పేజీలు పడి ఉన్నాయి. తెల్లవారుజామున ఆగకుండా ప్రింట్ అవుతుంటే కాగితం అయిపోయేదాకా ఏమీ చేయలేకపోయామని అన్న చెప్పారు. అంతకన్నా పెద్ద విషయం, ఆ రోజు లెక్కలో ఒక తేడా ఉంది. తేడాతోనే రోజు మూసుకుపోయింది.

లాగ్ మొత్తం తీసి ప్రశ్న పక్కన జవాబు రాసుకుంటూ కూర్చున్నాను. మామూలు రోజుల్లో చివరి నాలుగు ప్రశ్నలు ఇవి. ప్రింట్ తీయాలా? కాదు. ఫైలు తయారుచేయాలా? అవును. నిన్నటి ఫైలు మీదే రాయాలా? కాదు. బయటికి వెళ్లాలా? అవును. నా స్క్రిప్ట్ పంపేది కాదు, అవును, కాదు, అవును. ఆ రాత్రి ప్రోగ్రామ్ మొదట ఇంకో ప్రశ్న అడిగింది: "లెక్కలో తేడా ఉంది. ఆపి సరిచూస్తారా?" దానికి నా స్క్రిప్ట్ కాదంది. ప్రింట్ తీయాలా అంటే అవునంది. ఫైలు తయారుచేయాలా అంటే కాదంది. ఫైలే వద్దన్నాక దాని మీద రాయాలా అన్న ప్రశ్న రాలేదు. బయటికి వెళ్లాలా అంటే అవునంది. నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు. లెక్క సరిపోయింది, ప్రోగ్రామ్ మర్యాదగా ముగిసింది, నా లాగ్ "పూర్తయింది" అని రాసింది. ఒక్కో జవాబు ఒక్కో ప్రశ్న పైకి జరిగిందంతే. చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. ఏదైనా విరిగిపోయి ఆగి ఉంటే ఎంతో బాగుండేది.

"చదివి కొట్టాలి" అని అన్న చెప్పింది ఇదే. ఆ నాలుగు చోట్లా నేను వెతికింది ప్రశ్న చివర ఉండే అవును-కాదు గుర్తును మాత్రమే. ప్రశ్నను కాదు. ఏదో అడిగారని తెలిస్తే చాలు, ఏం అడిగారో అక్కర్లేదన్నట్టు రాశాను.

వెంటనే నాలుగు చోట్లా పూర్తి ప్రశ్న పాఠం పెట్టి సరిచేశాను. అక్కడితో ఆగి ఉంటే మళ్లీ దెబ్బ తినేవాణ్ణి. ఈసారి నేరుగా అసలు ప్రోగ్రామ్ మీదికి వెళ్లే ధైర్యం లేక, అవే 14 ప్రశ్నలు అడిగే ఒక నకిలీ ప్రోగ్రామ్‌ను షెల్ భాషలో ముప్పై వరసల్లో రాశాను. ఏ ప్రశ్న ముందైనా ఎంతసేపైనా ఆగేలా, ఎక్కడైనా కొత్త ప్రశ్న దూర్చేలా. అందులో తేడా ప్రశ్న పెట్టి, సరిచేసిన స్క్రిప్ట్ నడిపాను. పది సెకన్లు నిశ్శబ్దం. తర్వాత "కాదు" అని పంపింది. మళ్లీ పది సెకన్లు, "అవును". మళ్లీ పది సెకన్లు, "కాదు". ఆ తర్వాత బయటికి. అచ్చం ఆ రాత్రి జరిగిందే, ఈసారి కాస్త నెమ్మదిగా.

ఎక్స్‌పెక్ట్ ఒక మాట కోసం ఎదురుచూసే గడువు, మనం ఏమీ చెప్పకపోతే, 10 సెకన్లు. పెద్ద పనుల దగ్గర నేను పెంచుకున్నాను కానీ చివరి నాలుగు ప్రశ్నలూ వెంటవెంటనే వస్తాయని అక్కడ వదిలేశాను. అసలు సంగతి గడువు ఎంతన్నది కాదు, గడువు దాటితే ఏం జరుగుతుందన్నది. దాటితే ఏం చేయాలో మనం చెప్పకపోతే ఎక్స్‌పెక్ట్ ఎర్రర్ ఇవ్వదు. ఏమీ జరగనట్టు తర్వాతి వరసకు వెళ్తుంది. ఆ తర్వాతి వరస సెండ్. అంటే తను విన్నది ఏమీ లేకపోయినా జవాబు చెప్పేస్తుంది. పీఎక్స్‌పెక్ట్‌లో అయితే గడువు 30 సెకన్లు, దాటితే ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వచ్చి స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది. ఈ ఒక్క తేడా కోసం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పీఎక్స్‌పెక్టే చెబుతాను. నాకు అప్పటికే ఉన్న స్క్రిప్ట్ ఎక్స్‌పెక్ట్‌ది, దాన్నే మళ్లీ మొదటి నుంచి రాశాను.

ఈసారి "ఇది వస్తుంది, అది పంపు, ఆపై ఇది వస్తుంది" అనే వరస పద్ధతి వదిలేశాను. ప్రశ్నలన్నిటినీ ఒకే ఎక్స్‌పెక్ట్ కింద, ఏ ప్రశ్నకు ఏ జవాబో జతలుగా పెట్టాను. ఏది ముందు వచ్చినా దాని జవాబే వెళ్తుంది. జవాబు పంపాక ఎక్స్‌ప్ కంటిన్యూ అంటే మళ్లీ వినడం మొదలుపెడుతుంది. ఆ జతల తర్వాత ఇంకో మూడు కొమ్మలు పెట్టాను. అవును-కాదు గుర్తు ఉంది కానీ నాకు తెలిసిన ఏ ప్రశ్నా కాకపోతే ఆగు. గడువు దాటితే ఆగు. ప్రోగ్రామ్ మధ్యలోనే ముగిసిపోతే ఆగు. తెలియని ప్రశ్న కొమ్మ అన్ని జతల తర్వాతే ఉండాలి, ఎందుకంటే ఎక్స్‌పెక్ట్ పై నుంచి కిందికి వరసగా పోల్చి చూస్తుంది.

నకిలీ ప్రోగ్రామ్‌తో ఆడించేటప్పుడు ఇందులోనూ ఒక గొయ్యి దొరికింది. పాస్‌వర్డ్ తప్పయితే ప్రోగ్రామ్ మళ్లీ అదే అడుగుతుంది, స్క్రిప్ట్ మళ్లీ అదే పంపుతుంది. అలా ఆగకుండా పంపుతూ పోతే నిజమైన చోట అకౌంటు లాక్ అవుతుంది. ప్రతి ప్రశ్నకూ ఒక లెక్క పెట్టాను. రావాల్సినన్ని సార్లకు మించి ఒక్కసారి వచ్చినా ఆగిపోతుంది.

ఆగడం అంటే ఏమిటన్నది చాలా ఆలోచించాను. ప్రోగ్రామ్‌ను చంపేస్తే రోజు సగం మూసి సగం తెరిచి ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. ఇక్కడ నాలుగో ఆదేశం, ఇంటరాక్ట్, ఆదుకుంది. అది స్క్రిప్ట్ చేతిలోని టెర్మినల్‌ను మనిషి చేతికి అప్పగిస్తుంది. ప్రోగ్రామ్‌కు ఆ మార్పిడి తెలియను కూడా తెలియదు. కానీ క్రాన్ కింద అప్పగించడానికి అక్కడ మనిషి ఉండడు. అందుకని క్రాన్ నుంచి నేరుగా కాకుండా ఎవరూ చూడకపోయినా టెర్మినల్‌ను తెరిచే ఉంచి, తర్వాత ఎప్పుడైనా అందులోకి రానిచ్చే టీమక్స్ అనే దానిలో ఒక సెషన్ తెరిచి, అందులో స్క్రిప్ట్ నడిచేలా చేశాను. తెలియని ప్రశ్న వస్తే, ఆ ప్రశ్న పాఠం మొత్తం అన్న ఫోనుకు సందేశంగా వెళ్తుంది. ఆయన ఎప్పుడైనా ఆ సెషన్‌లోకి వచ్చి కూర్చుంటే, ప్రశ్న తెర మీద అలాగే ఉంటుంది, కీబోర్డు ఆయనది.

ఈ తిరగరాత మధ్యలో ప్రోగ్రామ్‌తో పాటు వచ్చిన పాత మాన్యువల్ మొదటిసారి పూర్తిగా చదివాను. ఫైలు తయారుచేసే భాగానికి ఒక బ్యాచ్ ఆప్షన్ ఉంది. కావలసిన వివరాలు ఒక చిన్న ఫైల్లో రాసిస్తే ఏ ప్రశ్నా అడగదు, పని అయ్యాక సరైన ఎగ్జిట్ స్టేటస్ కూడా ఇస్తుంది. 14 ప్రశ్నల్లో ఐదు దీంతో అవసరమే లేకుండా పోయాయి. స్క్రిప్ట్‌లో ఆ భాగమంతా కొట్టేస్తుంటే ఎంతో హాయిగా అనిపించింది. ఇప్పుడు ఎవరైనా ఫలానా ప్రోగ్రామ్‌కు ఎక్స్‌పెక్ట్ స్క్రిప్ట్ రాసిపెట్టమంటే ముందు దాని ఆప్షన్లన్నీ చదువుతాను. ఎస్సెస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ టైప్ చేయించే బదులు కీ పెట్టుకోవచ్చు. బ్యాచ్‌మోడ్ ఆన్ చేస్తే ఏదీ అడగకుండా, కుదరకపోతే వెంటనే విఫలమవుతుంది. డెబియన్ రకం లైనక్స్‌లో ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ గెట్‌కు, ప్రశ్నలకు అవునని చెప్పే ఆప్షన్ ఉంది, డెబియన్ ఫ్రంటెండ్ అనే వేరియబుల్‌ను నాన్ ఇంటరాక్టివ్ అని పెడితే సెట్టింగుల ప్రశ్నలూ ఆగిపోతాయి. ఇలాంటి దారి ఉన్నచోట పీటీవై వెనక నిలబడి మనిషిలా నటించాల్సిన పని లేదు. దారి లేని ప్రోగ్రాములు ఇంకా చాలా ఉన్నాయి. వాటికే ఈ కష్టమంతా.

కొత్త స్క్రిప్ట్‌ను నకిలీ ప్రోగ్రామ్ మీద రెండు వారాలు నడిపాను. తేడా ప్రశ్న, ఆలస్యం, మధ్యలో చావు, రెండుసార్లు పాస్‌వర్డ్, సగం ప్రశ్న రాసి కాసేపాగి మిగతా సగం రాయడం, నాకు తోచినవన్నీ పెట్టాను. తర్వాత వారం రోజులు అన్నతో కలిసి రాత్రి కూర్చుని అసలు ప్రోగ్రామ్ మీద చూశాం. పంపే ప్రతి జవాబు ముందూ స్క్రిప్ట్ తను విన్న ప్రశ్నను లాగ్‌లో రాస్తుంది. ఆయన దాన్ని చదువుతూ, "ఆ, ఇది సరే, ఇదీ సరే" అంటూ పక్కన కూర్చున్నారు. లాగ్‌లో ఇప్పుడు "పూర్తయింది" అన్న మాట లేదు. ఫైలు ఉందో లేదో, దాని సైజు ఎంతో, అందులో తేదీ ఈరోజుదేనో చూసి ఆ మూడూ రాస్తుంది.

పోయిన నెలలో ఆ ప్రోగ్రామ్‌కు అప్‌గ్రేడ్ జరిగింది. మాకు ఇచ్చిన కాగితంలో కొత్త ప్రశ్నల సంగతి ఏమీ లేదు. ఆ రాత్రి 1:20కి అన్న ఫోనుకు సందేశం వెళ్లింది: "తెలియని ప్రశ్న: పాత ఫార్మాట్ రికార్డులు 3 ఉన్నాయి. మార్చాలా?" ఆయన సెషన్‌లోకి వెళ్లి, ఆ మూడు రికార్డులేమిటో ఇంకో విండోలో చూసుకుని, అవునని కొట్టి, కీబోర్డు తిరిగి స్క్రిప్ట్‌కు ఇచ్చేశారు. మిగతా ప్రశ్నలకు స్క్రిప్టే జవాబులు చెప్పుకుంది. పొద్దున నేను వచ్చేసరికి నా టేబుల్ మీద ఒక చీటీ, దాని మీద ఆ ప్రశ్న ఉన్నది ఉన్నట్టు రాసి ఉంది. కింద ఆయన చేతిరాతలో ఇంకో వరస: "దీనికి జవాబు స్క్రిప్ట్‌లో పెట్టకు. ఎన్ని రికార్డులున్నాయో చూసి నేనే చెబుతాను."

అలాగే వదిలేశాను.